సేవకు మూలమేది? ఉత్తరాంధ్ర క్రైస్తవ చరిత్రలో ఒక పాత ప్రశ్న

హౌరా-చెన్నై రైలుమార్గంలో విజయనగరం దాటి శ్రీకాకుళం రోడ్డు వైపు వెళ్ళేవారికి నడుమ మా చీపురుపల్లి తగులుతుంది. అక్కడ హైస్కూల్లో చదువుకునే రోజుల్లో, నా పక్కన కూర్చునే క్రైస్తవ మిత్రుణ్ణి ఒకసారి నలుగురి ముందు అడిగాను: "మీ తాతోళ్ళకి ఏటిచ్చేర్రా, కిరస్తానంలో కలిసేరు?" అందరూ నవ్వారు. అతడు నవ్వలేదు, బదులూ చెప్పలేదు. ఆ ప్రశ్న నా బుర్రలో పుట్టినది కాదు; పెద్దలు అరుగుల మీద అనుకుంటుండగా విన్నదే. అయినా అడిగిన నోరు నాదే.

చాలా ఏళ్ళ తరువాత మా ప్రాంతపు మిషనరీ చరిత్ర చదువుతుంటే ఒక సంగతి తెలిసింది. మనిషి దేవుణ్ణి ఎందుకు సేవిస్తాడు, ఆ సేవ అతడి సొంత ఇష్టమా లేక ఎవరో చేయించినదా అన్న విచారం క్రైస్తవుల్లోనే పదిహేను వందల ఏళ్ళుగా సాగుతోంది. ఆ వాదంలోని రెండు పక్షాలూ 19వ శతాబ్దంలో మన ఉత్తరాంధ్ర గడ్డ మీదనే కలుసుకున్నాయి.

నిజానికి ఈ చర్చ మనకు కొత్తది కాదు. శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటాం. చేసుకున్నవారికి చేసుకున్నంత అనీ అంటాం. శ్రీవైష్ణవంలో వడగలై వారిది మర్కట కిశోర న్యాయం: కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి. తెంగలై వారిది మార్జాల కిశోర న్యాయం: పిల్లికూన చేయవలసిందేమీ లేదు, తల్లే నోట కరచుకుని పోతుంది. మన శ్రీకూర్మంలో 13వ శతాబ్దం చివర శాసనాలు వేయించిన నరహరి తీర్థులు మధ్వాచార్యుల శిష్యులు. జీవుల యోగ్యతలో అనాదిగా తారతమ్యం ఉందనీ, కొందరికి మోక్షం లేనే లేదనీ చెప్పిన సిద్ధాంతం ఆయన గురువుగారిది.

క్రైస్తవంలో ఈ వాదం 5వ శతాబ్దంలో అగస్టీను, పెలాగియస్‌లతో ముదిరింది. దేవుని కృప లేనిదే మనిషి సంకల్పం మంచివైపు కదలలేదన్నాడు అగస్టీను. మంచిని ఎంచుకునే శక్తి మనిషికి ఉన్నదన్నాడు పెలాగియస్. 1524లో ఎరాస్మస్ స్వేచ్ఛా సంకల్పాన్ని సమర్థిస్తూ పుస్తకం రాస్తే, 1525లో లూథర్ ఆ సంకల్పం దాస్యంలో ఉన్నదని బదులిచ్చాడు. రక్షణ పొందేవారిని దేవుడు ముందే ఎన్నుకున్నాడన్న కాల్విన్ అనుచరులకూ, ఆ కృప అందరి కోసమనీ, దాన్ని మనిషి కాదనగలడనీ చెప్పిన అర్మీనియస్ అనుచరులకూ మధ్య తగవు 1618-19లో హాలెండులోని డోర్ట్ మహాసభ దాకా వెళ్ళింది. ఆ సభ కాల్విన్ పక్షాన తీర్పు చెప్పింది. వాదం మాత్రం ఆగలేదు.

ఇక్కడే సేవ ప్రశ్న వస్తుంది. అంతా దేవుడే నిర్ణయించి ఉంటే మనిషి పనిచేయడం దేనికి? 18వ శతాబ్దపు ఇంగ్లండులో విలియం కేరీ దూరదేశాలకు సువార్త పంపాలని అడిగినప్పుడు, దేవుడు తలచుకుంటే నీ సాయం లేకుండానే ఆ పని చేసుకుంటాడని ఒక పెద్దాయన కసిరి కూర్చోబెట్టాడని ఒక కథ చెబుతారు. అది అచ్చంగా అలాగే జరిగిందని చరిత్రకారులందరూ ఒప్పుకోరు కానీ, ఆనాడు అటువంటి ఆలోచన ఉన్నమాట వాస్తవం. కేరీ కూడా కాల్విన్ సంప్రదాయం వాడే. ఫలితం దేవునిదే అయినా ప్రయత్నం మనిషి విధి అని వాదిస్తూ 1792లో పుస్తకం అచ్చువేశాడు, మరుసటి ఏడు బెంగాలుకు ఓడ ఎక్కాడు.

మన వైపు మొదట వచ్చినవారు లండన్ మిషనరీ సొసైటీ వారు. ఆ సంస్థలో ఏ ఒక్క శాఖకూ పట్టం కట్టకపోయినా, స్థాపకుల్లో ఎక్కువమంది కాల్విన్ మార్గీయులే. 1805లో విశాఖపట్నం చేరిన జార్జి క్రాన్, అగస్టస్ డేగ్రాంజ్ తెలుగు నేర్చుకుని, ఆనందరాయరు అనే బ్రాహ్మణుని తోడ్పాటుతో సువార్తలను తెలుగులో పెట్టే పని మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డేగ్రాంజ్ 1810లో మరణించారు. అంతా ముందే నిర్ణయమైనదని నమ్మేవారు చేతులు ముడుచుకు కూర్చుంటారనుకునే వారికి ఈ ఇద్దరి ఆయుర్దాయమే జవాబు.

ఉత్తరాన, ఒడిశాలోని కటకంలో 1822లో జనరల్ బాప్టిస్టులు మిషను స్థాపించారు. వీరు రెండో పక్షం. క్రీస్తు అందరి కోసం మరణించాడనీ, అంగీకరించడమో నిరాకరించడమో మనిషి చేతిలో ఉన్నదనీ వీరి నమ్మకం.

ఈ రెండింటి నడుమ నిలిచినవారు పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలోని మదనపురంలో బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. తండ్రి పేరు కూర్మనాథ చౌదరి. 1833లో ఆయన బాప్తిస్మం పొందింది కటకంలో, అంటే స్వేచ్ఛా సంకల్పవాదుల చేతుల మీదుగా. ఆ తరువాత విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల్లో చాలా ఏళ్ళు పనిచేసింది లండన్ మిషను వారితో. 1890లో కన్నుమూశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఆయన కట్టినవి నేటికీ తెలుగు చర్చిల్లో పాడుతున్నారు. పాడేవారిలో ఎవరూ ఈ కీర్తన ఏ పక్షానిదని అడగరు.

ఆయనకు "ఏమిచ్చారు" అని నా చిన్ననాటి ప్రశ్నే వేసి చూద్దాం. మతం మారి కులభ్రష్టుడైనవాడు వారసత్వపు హక్కు కోల్పోకుండా కాపాడే కులానర్హతల నిర్మూలన చట్టం వచ్చింది 1850లో. చౌదరి గారు మారినది అంతకు పదిహేడేళ్ళ ముందు. అప్పట్లో ఒక బ్రాహ్మణుడు ఆ అడుగు వేస్తే పోయేది బంధువర్గం, పంక్తి, వాటా. లాభాల చిట్టాలో రాయడానికి పెద్దగా ఏమీ కనిపించదు.

చౌదరి గారి మాట సరే, పేదల మాటేమిటని అడగవచ్చు. అదీ మా శ్రీకాకుళంతో ముడిపడిన కథే. కటకం మిషనులోని ఏమస్ సట్టన్ 1835లో అమెరికా వెళ్ళి, తెలుగువారి కోసం మనుషుల్ని పంపమని అక్కడి బాప్టిస్టులను అడిగాడు. వారు ఎక్కువగా కాల్విన్ సంప్రదాయం వారు. అడిగినవాడు ఎదుటి పక్షంవాడైనా విన్నారు. అలా వచ్చిన శామ్యూల్ డే 1836లో విశాఖలోనూ శ్రీకాకుళంలోనూ కొంతకాలం ఉండి, 1837లో మద్రాసుకు, 1840లో నెల్లూరుకు వెళ్ళాడు. ఆ నెల్లూరు మిషను కొమ్మగా పెరిగినదే ఒంగోలు. అక్కడ పనిచేసిన జాన్ క్లౌ 1876-78 నాటి మహాక్షామంలో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలిపని చూపించాడు. బాప్తిస్మం అడిగేవారు పెరిగిపోయారు. క్షామ సాయం నడిచినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయిన తరువాత కూడా జనం వచ్చారు, వారిలో ఎక్కువమంది మాదిగలు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఇది అందరి మనసులూ నిష్కల్మషమని రుజువు చేయదు. కష్టంలో ఆదుకున్నవాడి దేవుడి మీద గురి కుదరడం సహజం. బడి కోసం, మందు కోసం, ఊళ్ళో తలెత్తుకుని నడవడం కోసం వచ్చినవారూ తప్పక ఉంటారు. అయితే నాకు తట్టినది వేరు. ఏ బావిలో తోడుకోవాలో, ఏ వీధిలో నడవాలో కూడా తాను ఎంచుకోవడానికి వీలులేని మనిషి, తన దేవుణ్ణి తాను ఎంచుకున్నాడు. స్వేచ్ఛా సంకల్పం గురించి పుస్తకాల్లో ఎంత వాదించినా, అంతకంటె బరువైన ఎంపిక అతడి బతుకులో మరొకటి ఉండివుండదు. గుడి మెట్లెక్కి పరీక్ష పాసు కావాలనీ, ఉద్యోగం రావాలనీ మొక్కుకునే నేను అతడి ఉద్దేశంలో కల్తీ వెతికాను.

రెండు పక్షాలవారూ ఒక్కచోట ఏకమవుతారు. సేవ కూలి కాదు, కృతజ్ఞత. దేవుడు ఎన్నుకున్నాడు గనుక చేస్తానంటాడు ఒకడు. పిలిచాడు, నేను సరేనన్నాను గనుక చేస్తానంటాడు మరొకడు. చేస్తే ఏమిస్తాడని ఇద్దరూ మొదలుపెట్టరు. అందుకే కటకంలో మునిగిన చౌదరి విశాఖ వారికి పరాయివాడు కాలేదు. మన నిష్కామకర్మకు ఇది చాలా దగ్గర చుట్టమని నా అభిప్రాయం. పెద్దలు కాదంటే వింటాను.

బైబిలులో యోబు గ్రంథం ఉంది. అన్నీ ఉన్న యోబు భక్తుణ్ణి చూసి ఒకడు దేవుణ్ణే అడుగుతాడు, ఇతడు ఊరికే నిన్ను కొలుస్తున్నాడా అని. ఆ గ్రంథమంతా ఆ ప్రశ్నకు జవాబే. నేను ఆ రోజు తరగతిలో వేసినదీ సరిగ్గా ఆ ప్రశ్నే. దాన్ని మొదట అడిగినవాడు సాతాను అని మాత్రం అప్పటికి నాకు తెలియదు. నా మిత్రుడికి బహుశా తెలిసే ఉంటుంది. అయినా ఆ మాట నాతో అనలేదు.