కొల్లాపూర్ మాధవస్వామి ఆలయం: స్థానచలనం, శిల్పక్రమం

కొల్లాపూర్‌లోని మాధవస్వామి ఆలయం మొదట వెలసింది కొల్లాపూర్‌లో కాదు, కృష్ణాతీరాన ఉన్న మంచాలకట్టలో. జటప్రోలు సంస్థానాధీశులైన సురభి వంశీయులు నిర్మించిన ఈ ఆలయం 16వ శతాబ్దానికి చెందినదని సాధారణంగా భావిస్తారు. శ్రీశైలం జలాశయపు పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ ముంపు పరిధిలోకి మంచాలకట్ట రావడంతో ఆలయాన్ని రాయి రాయిగా విప్పి కొల్లాపూర్‌లో పునర్నిర్మించారు. సంస్థాన రాజధాని 19వ శతాబ్దంలోనే జటప్రోలు నుండి ఇక్కడికి మారింది. ప్రభువుల వెంట దైవం వచ్చి చేరడానికి మరో శతాబ్దానికి పైగా పట్టిందన్నమాట.

ఆలయ విశిష్టత వెలుపలి గోడలపై ఉన్న విష్ణువు చతుర్వింశతి మూర్తులలో ఉంది. సంధ్యావందనంలో పఠించే కేశవ, నారాయణ, మాధవాది నామాలే ఇక్కడ రూపం దాల్చాయి. శంఖం, చక్రం, గద, పద్మం అనే నాలుగు ఆయుధాలను నాలుగు చేతులలో మార్చి అమర్చితే సరిగ్గా ఇరవైనాలుగు విన్యాసాలు వస్తాయి. ఒక్కొక్క విన్యాసానికి ఒక్కొక్క నామం. మూర్తులను వేరుచేసేది ప్రధానంగా ఈ ఆయుధక్రమమే. ఏ క్రమం ఏ నామానికి చెందుతుందన్న విషయంలో పురాణ, శిల్పగ్రంథాలు ఏకీభవించవు. కనుక ఒక్క శిల్పాన్ని విడిగా చూసి పేరు నిర్ణయించడం సాహసమే అవుతుంది. పక్కనున్న మూర్తులతో కలిపి వరుసగా చదివినప్పుడే శిల్పి అనుసరించిన సంప్రదాయం బయటపడుతుంది. గర్భాలయంలో ప్రధానదైవమైన మాధవుడు నామావళిలో మూడవవాడు మాత్రమే కావడం గమనించదగినది.

ఇక్కడే స్థానచలనం చరిత్రకారునికి సమస్యగా మారుతుంది. పునర్నిర్మాణంలో ఒక ఫలకం స్థానం తప్పినా శిల్పం చెక్కుచెదరదు, కాని వరుస చెడుతుంది. చూసేవారికి ఆ లోపం తెలియదు కూడా. ఆలయాల తరలింపులో రాళ్లకు వరుస సంఖ్యలు వేయడం కేవలం ఇంజనీరింగు అవసరం కాదు, ప్రతిమాశాస్త్ర సాక్ష్యాన్ని కాపాడే పని. ఇదే జలాశయం కారణంగా కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురానికి తరలింది. నదీసంగమాన్ని బట్టి పేరు పొందిన ఆ గుడి ఇప్పుడు సంగమానికి దూరంగా నిలిచి ఉంది. మాధవాలయానికి పేరు విషయంలో అటువంటి చిక్కు లేదు. అయితే కృష్ణాతీరంతో, చుట్టూ ఉన్న ఊరితో దానికున్న సంబంధాన్ని మాత్రం రాళ్లతో పాటు బండ్లకెత్తడం సాధ్యం కాలేదు.

అందువల్ల గోడలపై నేడు కనిపించే క్రమాన్నే మూలక్రమంగా స్వీకరించి సిద్ధాంతాలు చేయడం తొందరపాటు. తరలింపునకు పూర్వపు ఛాయాచిత్రాలతో, కొలతల పటాలతో దానిని ముందుగా సరిపోల్చుకోవాలి; మూర్తుల నామనిర్ణయం ఆ తరువాతి పని.