సుగంధ తైల చికిత్స: మత్తు మానే దశలో ఆందోళన

పూలు, ఆకులు, గింజల నుంచి ఆవిరి పట్టి, పండ్ల తొక్కల నుంచి పిండి తీసిన నూనెలను పీల్చడం, స్నానపు నీళ్లలో కలపడం, మామూలు నూనెలో పలుచన చేసి మర్దనా చేయడం, వీటన్నిటినీ కలిపి సుగంధ తైల చికిత్స (అరోమాథెరపీ) అంటారు. మద్యం, నల్లమందు జాతి మందులు, నిద్రమాత్రలు, పొగాకు మానేసిన తొలి రోజుల్లో తలెత్తే ఆందోళనకు కూడా ఈ తైలాలను, ముఖ్యంగా లావెండర్‌ను, వాడుతున్నారు. ఈ వాడుకకు ఉన్న బలం మానేసిన పదార్థాన్ని బట్టి మారిపోతుంది. పొగాకు విషయంలో కొంత ప్రత్యక్ష ఆధారం ఉంది. నల్లమందు జాతి విషయంలో తైలం ఇచ్చేది ఊరటకు మించదు. మద్యం, నిద్రమాత్రల విషయంలో కొన్ని తైలాలు అపాయం కూడా. అందుచేత ఆందోళనకు ఏ తైలం మంచిదని అడగడానికి ముందు ఆ మనిషి మానేసింది ఏమిటని అడగాలి.

చరిత్ర

ఈ పద్ధతికి పేరు పెట్టినవాడు ఫ్రెంచి రసాయనవేత్త రెనె మోరిస్ గాట్‌ఫోసె. ఆ పేరు 1928 నాటిదని కొందరు రాస్తారు గానీ, అదే పేరుతో 1937లో వెలువడిన ఆయన పుస్తకమే గట్టి ఆధారం. ప్రయోగశాలలో చెయ్యి కాలగానే పక్కనున్న లావెండర్ తొట్టిలో ముంచాడనీ, గాయం ఇట్టే మానిపోయిందనీ ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. ఆయన సొంత రాత వేరు. పేలుడులో అయిన గాయాలకు గ్యాస్ గాంగ్రీన్ సోకితే లావెండర్ తైలంతో కడిగానని ఆయన చెప్పుకున్నాడు. ఆ ప్రమాదం 1910లో జరిగిందన్న మాటకే మొగ్గు ఎక్కువ. రెండు కథనాల్లో ఆయన రాసుకున్నదే నమ్మదగినది. అయితే దాన్ని పూర్తిగా ఒప్పుకున్నా అది గాయానికి సోకిన క్రిముల సంగతే తప్ప మనసు కలతకు సంబంధించినది కాదు. తర్వాత ఫ్రెంచి సైనిక వైద్యుడు జాఁ వాల్నే 1964 నాటి పుస్తకంతో దీన్ని వైద్యుల దృష్టికి తెచ్చాడు. మార్గరీట్ మోరీ మర్దనా, సౌందర్య పోషణల వైపు మళ్లించింది. మనసు నెమ్మదించడానికి అన్న వాడుక ఎక్కువగా ఈ రెండో పాయలోనే పెరిగినట్టు కనిపిస్తుంది.

లావెండర్ ఆధారం, దాని హద్దులు

లావెండర్ తైలంలో ప్రధానమైనవి లినలూల్, లినలైల్ ఎసిటేట్. సైలెక్సాన్ పేరుతో జర్మనీలో తయారైన 80 మిల్లీగ్రాముల లావెండర్ గుళికపై జరిగిన పరీక్షలు ఈ రంగంలో అన్నిటికంటే పటిష్ఠమైనవి. 2010లో 77 మంది ఆందోళన రోగులపై ఆరు వారాల పాటు దీన్ని నిద్రమాత్రల జాతికి చెందిన లోరాజెపామ్‌తో పోల్చారు. ఫలితం దాదాపు సమానంగా వచ్చింది. 2014లో 539 మందిపై జరిగిన మరో పరీక్షలో ఉత్తుత్తి మాత్ర కంటే ఇది మెరుగని తేలింది. దీన్ని చూపి, లోరాజెపామ్‌తో సమానమైనది మత్తు మానేవారికి మాత్రం ఎందుకు పనిచేయదని వాదించేవారున్నారు. ఈ వాదనకు మూడు సమాధానాలున్నాయి. ఆ గుళిక మింగేది, పీల్చేది కాదు. పోలికకు తీసుకున్న లోరాజెపామ్ రోజుకు 0.5 మిల్లీగ్రాములే. మద్యం మానిన రోగికి ఒక్కో మోతాదే అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ రోగులు మత్తు మానిన దశలో ఉన్నవారు కారు. ఇంకొక ఆధారం కూడా ఈ జాగ్రత్తనే బలపరుస్తుంది. జపాన్‌లోని కగోషిమా విశ్వవిద్యాలయం 2018లో ఎలుకలపై చేసిన ప్రయోగంలో లినలూల్ వాసన భయాన్ని తగ్గించింది. వాసన తెలియని ఎలుకల్లో తగ్గించలేదు. నిద్రమాత్రల పనిని అడ్డుకునే ఫ్లుమాజెనిల్ ఇచ్చినప్పుడూ ఆ గుణం కనిపించలేదు. అంటే వాసన ప్రభావం నిద్రమాత్రలు పనిచేసే గాబా గ్రాహకాల మీదుగానే సాగుతోందన్నమాట. ఏళ్ల తరబడి మద్యమో నిద్రమాత్రలో వాడినవారిలో మొద్దుబారేవి సరిగ్గా ఆ గ్రాహకాలే. కాబట్టి ఎక్కువ అవసరమున్న చోటే లావెండర్ వాసన తక్కువ పనిచేయవచ్చు. ఇది ఊహే అయినా కొట్టిపారేయదగినది కాదు.

పొగాకు, నల్లమందు

నేరుగా మానే దశలోనే జరిగిన పరీక్షల్లో చెప్పుకోదగినది పొగాకుపైనే ఉంది. నికోటిన్ ప్యాచ్ రూపకర్తల్లో ఒకడైన జెడ్ రోజ్, సహచరుడు బెమ్‌తో కలిసి 1994లో దాన్ని ప్రచురించాడు. రాత్రంతా పొగ తాగకుండా ఉన్న 48 మందిని మూడు గుంపులు చేసి, సిగరెట్టులా పీల్చే గొట్టాలు ఇచ్చారు. ఒకదానిలో మిరియాల తైలం, ఒకదానిలో పుదీనా-మెంథాల్, మూడోది ఖాళీ. మిరియాల గుంపులో సిగరెట్టు మీద యావ తక్కిన రెండు గుంపులకంటే తగ్గింది. ఖాళీ గొట్టం పీల్చినవారితో పోలిస్తే ఆందోళన తాలూకు శారీరక లక్షణాలూ తగ్గాయి. అదే గుంపు ఛాతీలో ఘాటు ఎక్కువగా తెలిసిందని చెప్పింది. పొగ గొంతు దిగేటప్పటి మంటకు మిరియాల ఘాటు బదులు నిలిచిందని దీనికి అర్థం చెప్పుకోవాలి. అలాగైతే ఇక్కడ పనిచేసింది పరిమళం కాదు, ఘాటు. ఈ ఫలితాన్ని మరో మత్తుకు అన్వయించలేం. నల్లమందు జాతికి చెందిన హెరాయిన్ వంటివి మానినప్పటి ఆందోళన మెదడులో నార్‌అడ్రినలిన్ ఉప్పెన వల్ల పుట్టేది. 6 నుంచి 12 గంటల్లో మొదలై, రెండో మూడో రోజుకు ముదురుతుంది. ఆవులింతలు, గగుర్పాటు, వాంతులు, ధారగా కారే ముక్కు దీని గుర్తులు. ముక్కు కారుతున్నవాడికి వాసన అందదు. వికారంగా ఉన్నవాడికి ఘాటైన వాసన వాంతి తెప్పించవచ్చు. ఇక్కడ చికిత్స బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్, క్లోనిడిన్‌లదే.

మద్యం, నిద్రమాత్రలు, కల్తీ కల్లు

మద్యం మానిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల్లో కొందరికి సన్నిపాతం కమ్ముతుంది. నిద్రమాత్రలు ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ ప్రమాదం ఉంది. ఈ దశలో ఆందోళన కేవలం బాధ కాదు, ముంచుకొచ్చే ముప్పుకు ముందస్తు హెచ్చరిక. తెలంగాణకు ఇది దూరపు సంగతి కాదు. కల్లులో డయాజెపామ్, అల్ప్రాజోలామ్, క్లోరల్ హైడ్రేట్ కలపడం అక్కడ పాత రోగం. 2015లో కల్తీపై దాడులు ముమ్మరమై ఆ కల్లు దొరకనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో వణుకు, ఫిట్స్, మతి చెదిరిన ప్రవర్తనతో జనం ఆస్పత్రులకు చేరారు. ఇలాంటి మనిషి తలకు ఇంట్లోవాళ్లు ముందుగా పట్టించేది బామ్, లేదా నీలగిరి తైలం ఆవిరి. బామ్‌లలో ఉండే కర్పూరం ఫిట్స్ తెప్పించగలదని వైద్యానికి చాలాకాలంగా తెలుసు. అమెరికాలో పైపూత మందుల్లో దాన్ని 11 శాతానికి పరిమితం చేశారు. నీలగిరి తైలానికీ ఫిట్స్‌కూ ఉన్న సంబంధంపై మన దేశపు నాడీ వైద్యులే పరిశోధనలు ప్రచురించారు. సహజమైనవి కాబట్టి హాని చేయవన్న మాట లావెండర్‌కు కొంతవరకు చెల్లుతుంది, కర్పూరానికి చెల్లదు. మద్యం మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ వాడుతున్నవారు స్పిరిట్ కలిపిన స్ప్రేలకూ దూరంగా ఉండాలి.

తేలేది

భయపడుతున్న మనిషికి చిన్న ఊరట కూడా విలువైనదే, దాన్ని కాదనడం వైద్యం కాదు అన్న అభ్యంతరం న్యాయమైనది. నిజమే, వైద్యుడి మందు నడుస్తుండగా చేతిరుమాలుపై రెండు చుక్కల లావెండర్ వేస్తే అభ్యంతరం ఉండనక్కర్లేదు. అది మందుకు తోడుగా ఉండాలి, మందుకు బదులు కాకూడదు. మద్యం, నిద్రమాత్రలు, కల్తీ కల్లు మానిన మనిషిలో వణుకో, చెమటలో, తడబాటో కనిపిస్తే సీసా మూత తీయడం కాదు, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మత్తు విముక్తికి జాతీయ సహాయ సంఖ్య 14446, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416. రెండూ ఉచితమే.