సురపురమున మెడోస్ టేలరు కట్టడములు

సికింద్రాబాదు చరిత్రము వ్రాయువారు 1806లో సికందర్ జాహ్ పేర వెలసిన దండును విస్తరించి చెప్పి, దాని కుత్తరముననున్న బొల్లారమును ఒక్క వాక్యముతో ముగింతురు. బొల్లారము నిజాము కంటింజెంటు సేనకుఁ బ్రధానస్థానము. పదునాఱేండ్ల ప్రాయమున, 1824లో, నిజాము కొలువునఁ బ్రవేశించిన ఫిలిప్ మెడోస్ టేలరును లోకము థగ్గుల నవల (1839) వ్రాసినవానినిగా మాత్రమే యెఱుఁగును. అతఁడు చిత్రకారుఁడనియు, గృహనిర్మాత యనియు నెఱిఁగినవారు తక్కువ.

దక్కను దృశ్యములను జూపు నతని చిత్రసంపుటము 1837లో లండనునఁ బ్రకటింపఁబడెను. ఆ చిత్రములను శిలాముద్రణమునకు సిద్ధపఱచినవారిలో నతని సోదరుఁడు వెల్డ్ టేలరు నొకఁడు. 1866 నాఁటి బిజాపుర వాస్తుగ్రంథమున ఫెర్గుసనుతోపాటు టేలరు రచనయు నున్నది. భూమికొలఁత, న్యాయశాస్త్రము, కట్టడపుఁబని యన్నియు స్వయంకృషిచే నేర్చినవే. అతని భార్య మేరీ, హైదరాబాదు సాహుకారి విలియం పామరు కొమార్తె. పామరు తల్లి ఫైజ్ బఖ్ష్ ఈ దేశపు స్త్రీ. కాఁబట్టి దక్కను అతనికి కొలువు మాత్రమే కాదు, బంధుత్వము కూడ.

దండులోని బంగళా యెట్టిదో యెల్లరు నెఱుఁగుదురు: విశాలమైన వసారా, చుట్టును తోఁట, తోఁటచుట్టు ప్రహరి. ఎండకాలమున కది మేలైన యేర్పాటే. కాని ప్రహరి కావలి పేటతో దానికిఁ గల సంబంధము స్వల్పము. ఈ యలవాటులోఁ బెరిగిన టేలరు 1841లో బాలరాజగు వేంకటప్పనాయకుని సంస్థానమును నడపుటకై, కృష్ణా భీమరథుల నడుమనున్న సురపురమున కేఁగెను. అచట కొండమీఁద ఊరు కనఁబడునట్లు ఇల్లు కట్టుకొనెను. నేఁటికిని నది ‘టేలరు మంజిలు’ అను పేర నిలిచియున్నది. కొండమీఁది యిల్లు ఊరిని జూచును. ఊరును దానిని జూచును. దీనిని స్నేహమందుమా, కాపలా యందుమా? రెండును గలవని నా తలంపు.

చెఱువు విషయమున నిట్టి సందేహమునకుఁ దావులేదు. బోనాలు తటాకము 17వ శతాబ్దమున పామనాయకుఁడు కట్టించినది. టేలరు క్రొత్తదానిని దన పేరఁ ద్రవ్వింపక, యున్నదానినే బాగుచేసి విస్తరింపఁజేసెను. అది నేఁడు కర్ణాటకమునఁ బేరొందిన పక్షిధామము. అతని కృతులలో నవలకంటె నిదియే మేలని చెప్పుటకు నేను సంకోచింపను. ఆ ప్రాంతపుఁ బురాతన శిలాసమాధులను గూర్చి యతఁడు వ్రాసిన వ్యాసములును నేఁటి పరిశోధకులకు విలువైనవే.

1853లో సంస్థానము రాజుపరమయ్యెను. టేలరును ‘అప్పా’ యని పిలిచిన యా యువకుఁడే 1858లోఁ దిరుగుబాటు చేసి పట్టుపడెను. మరణదండనము చెఱగా మార్పఁబడెను గాని, చెఱకుఁ గొనిపోవు దారిలోనే తుపాకిగుండు తగిలి యతఁడు మరణించెను. 1860లో సురపురము నిజామునకుఁ జెందెను. కొండమీఁది యిల్లు మాత్రము నిలిచెను.

1875లోఁ జూపు మందగించిన టేలరు, వైద్యుల సలహాపై శీతకాలము గడపుటకు మరల హిందూదేశమునకు వచ్చెను. తాను చిత్రించిన దృశ్యములను స్పష్టముగఁ జూడలేని స్థితి యది. ఇచట జ్వరపీడితుఁడై, స్వదేశమునకు మరలుచు, 1876 మే 13వ తేదీన ఫ్రాన్సుదేశపు మెంటనులో మరణించెను.