పెన్నమ్మ పుట్టినిల్లు

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా ఇంట్లో ఒక జాబితా తయారవుతుంది. మా అబ్బాయి, కోడలు, మనుమడు రాత్రి భోజనాలయ్యాక కూర్చుని బాలీ, దుబాయి, సింగపూరు, స్విట్జర్లాండు అంటూ పేర్లు రాస్తారు, కొట్టేస్తారు. నన్ను అడగటం వాళ్ళ మర్యాద. ఓపిక లేదనటం నా మర్యాద. ఏటా జరిగే తంతే ఇది.

ఈసారి ఆ జాబితాలో ఒక కొత్త పేరు చేరింది: డోనావ్‌ఎషింగెన్. జర్మనీలో నల్ల అడవులని పిలిచే కొండసీమ అంచున ఉన్న చిన్న ఊరట. డాన్యూబు నది పుట్టిన చోటు ఇదేనని అక్కడ ఒక ఊటకు గుండ్రంగా రాతిగట్టు కట్టి, శిల్పాలు నిలిపారు. అసలు ఊట మాదంటే మాదని పొరుగు ఊరివాళ్ళతో పాత పేచీ కూడా ఉంది. ఆ ఊరి నుంచి నది వెంబడే సైకిళ్ళ మీద రోజుల తరబడి పోయే యాత్రికులున్నారు. నది మాత్రం పది దేశాలు, ఎన్నో భాషలు దాటి నల్లసముద్రంలో కలుస్తుంది.

ఇదంతా చదివి వినిపించి మా మనుమడు, "తాతయ్యా, మీ ఊళ్ళో కూడా ఏరుంది కదా! అదెక్కడ పుట్టింది?" అన్నాడు.

నేను నెల్లూరి వాణ్ణి. పెన్న ఇసుకలో చెలమలు తవ్వి నీళ్ళు తాగిన వాణ్ణి. రంగనాయకులస్వామి గుడి వెనక మెట్ల మీద కూర్చుని పరీక్షలకు చదివిన వాణ్ణి. అయినా "పడమటి కొండల్లో ఎక్కడో నాయనా" అని తప్పించుకున్నాను. వాడు ఊరుకోలేదు. పటం తీసి చూసి, "నంది కొండలట తాతయ్యా, మన ఇంటికి అరవై కిలోమీటర్లు" అన్నాడు.

చదువుకున్న రోజుల్లో ఆ సంగతి నేనూ బట్టీ పట్టే ఉంటాను. కాని పుస్తకంలోని నంది వేరు, ఆదివారాల నంది వేరు అన్నట్టు ఇన్నేళ్ళూ గడిపాను. బెంగుళూరు వచ్చి నలభై యేళ్ళు దాటింది. ఊరి నుంచి ఏ చుట్టం వచ్చినా నందికి తీసుకుపోయి, మంచు చూపించి, టిప్పు సుల్తాను పేరు పెట్టిన కొండచరియ చూపించి, బజ్జీలు తినిపించి తెచ్చేవాణ్ణి. నెల్లూరు పోవాలంటే రాత్రి రైలెక్కి కాట్పాడి, గూడూరు మీదుగా తిరిగిపోవడమే. ఊరికి దూరమైపోయానని కిటికీ దగ్గర కూర్చుని దిగులుపడిన రాత్రులు ఎన్నో. నా ఊరి ఏరు నా పెరట్లో పుడుతున్నదని ఒక్కసారి తోచలేదు.

ఆ మాట నన్ను నిలవనియ్యలేదు. నాలుగు పుస్తకాలు తిరగేసి, మా అబ్బాయి కారులో రెండు విడతలుగా నది వెంట పోయి వచ్చాను. ఆ ప్రయాణంలో నాకు బోధపడిన చరిత్రను ఈ ఊళ్ళోని తోటి తెలుగువారితో పంచుకోవాలని ఈ నాలుగు ముక్కలు.

నంది కొండల వరుసను ఒక నీళ్ళ పంచాయతీ అనవచ్చు. ఇక్కడి చెన్నకేశవ బెట్టలో పుట్టిన ఉత్తర పినాకిని మన పెన్న. శివుని విల్లు పినాకం పేరు మీద వచ్చిన పేరది. దక్షిణ పినాకిని కూడా ఈ కొండల బిడ్డే. అది హోసకోట, హోసూరు మీదుగా తమిళదేశం పోయి కడలూరు దగ్గర సముద్రంలో పడుతుంది. అర్కావతి పడమరగా దిగి కావేరిలో కలుస్తుంది. 1974లో కావేరి నీళ్ళు బెంగుళూరికి చేరేదాకా ఈ నగరం హేసరఘట్ట, తిప్పగొండనహళ్ళి చెరువుల ద్వారా తాగినది ముఖ్యంగా ఆ అర్కావతి నీళ్ళే. బాగేపల్లి, పుట్టపర్తి మీదుగా పోయే చిత్రావతి, రాయలసీమలోకి దిగే పాపాఘ్ని కూడా ఈ చుట్టుపక్కల పుట్టి చివరకు పెన్నలోనే కలుస్తాయి. ఒకే కొండసీమ మీద కురిసిన వాన మూడు భాషల నేలలను తడుపుతున్నదన్న మాట.

కొండ కింద నంది గ్రామంలో భోగనందీశ్వరాలయం ఉంది. 9వ శతాబ్ది నాటికే ఉన్న గుడి. కొండెక్కి దిగిపోయేవారిలో ఈ గుడి చూసేవారు తక్కువ. ఇక నది విషయానికొస్తే, పుట్టినచోట అది నది అనిపించుకోదు. వాన లేని రోజుల్లో వాగు కూడా కాదు. మా మనుమడి ముఖం చిన్నబోయింది. జర్మనీలో లాగా రాతిగట్టు, శిల్పాలు ఉంటాయనుకున్నాడు పాపం.

అక్కడినుంచి వాయవ్యంగా గౌరీబిదనూరు, దాని దాపునే విదురాశ్వత్థం. విదురుడు నాటాడని చెప్పుకునే మహా అశ్వత్థ వృక్షం 2001లో కూలిపోయింది. గుడి ఉంది, వేల సంఖ్యలో నాగశిలలున్నాయి. అంతకన్న ముఖ్యంగా అక్కడొక స్మారకం ఉంది. 1938 ఏప్రిల్ 25న, నిషేధాజ్ఞలను కాదని కాంగ్రెసు జెండా ఎగరవేయడానికి చేరిన జనం మీద మైసూరు సంస్థానపు పోలీసులు కాల్పులు జరిపారు. ముప్పై మందికి పైగా చనిపోయారని చెబుతారు. దేశమంతా కలవరపడింది. సర్దార్ పటేలు వచ్చి దివాను మీర్జా ఇస్మాయిలుతో ఒప్పందం కుదిర్చాక సంస్థానంలో జెండా ఎగరడానికి అనుమతి వచ్చింది. జలియన్‌వాలాబాగ్ గురించి మన పిల్లలకు చెప్పిన మనం, ఊరికి తొంభై కిలోమీటర్ల లోపున్న ఈ చోటు గురించి ఎందుకు చెప్పలేదు?

నది వెంట ఇంకొంచెం పోతే హిందూపురం. అక్కడికి పదిహేను కిలోమీటర్లలో లేపాక్షి. నా ప్రయాణంలోని అసలు పాఠం ఇక్కడ దొరికింది.

లేపాక్షి వీరభద్రాలయాన్ని విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కట్టించారు. అక్కడి శాసనాల్లో ఒకటి 1533 నాటిది. కెంపేగౌడ బెంగుళూరి కోట కట్టినది 1537లో. అదీ అచ్యుతరాయల ఏలుబడిలోనే. అంటే మనం కాపురముంటున్న ఊరు, మనం సెలవునాడు చూడబోయే గుడి ఒకే రాజు కాలంలో, నాలుగైదేళ్ళ తేడాతో లేచినవి. రెండింటి మధ్య అప్పుడు పొలిమేర లేదు.

గుడి గోడల మీది శాసనాలు కన్నడంలో ఉన్నాయి. ఊరి పేరుకు జనం చెప్పే కథ మాత్రం తెలుగు: రాముడు జటాయువును "లే, పక్షీ" అన్నాడట. తెలుగు కథ చెప్పుకునే ఊళ్ళో కన్నడ రాళ్ళు! ఇక నందికి తూర్పున, చింతామణి తాలూకాలో కైవారం ఉంది. గాజులమ్ముకుని బతికి యోగి అయిన నారేయణ తాతయ్య ఊరది. ఆయన 1726లో పుట్టి 1836 దాకా జీవించాడని భక్తులు చెబుతారు. కన్నడ నేల మీద కూర్చుని ఆ తాతయ్య కాలజ్ఞానం, అమరనారేయణ శతకం తెలుగులో చెప్పాడు. కన్నడంలోనూ కీర్తనలు పాడాడు. కన్నడ కుటుంబాల వారు నేటికీ ఆ తెలుగు తత్త్వాలను కన్నడ లిపిలో రాసుకుని పాడుకుంటారు. మన కెంపేగౌడ పేరు మీద కూడా 'గంగాగౌరీ విలాసం' అనే తెలుగు యక్షగానాన్ని చెబుతారు.

ఈ మాటలు చెప్పడం ఎవరినీ వాటా అడగటానికి కాదు. కైవారం మాదంటే లేపాక్షి ఇచ్చుకోవలసి వస్తుంది. నేను చెప్పదలచినది వేరు. హిందూపురం దగ్గర నేడు కనిపించే గీత, 1799లో టిప్పు ఓటమి, 1800లో నిజాము దత్తమండలాలను కుంపిణీకి అప్పగించటం, ఈ రెంటి ఫలితంగా మైసూరుకూ మద్రాసుకూ మధ్య ఏర్పడినది. 1953, 1956 మార్పుల తర్వాత అది రెండు భాషారాష్ట్రాల సరిహద్దు అయింది. రెండు వందల యేళ్ళ గీత అది. నది దానిని ఏనాడూ లెక్కచెయ్యలేదు. హిందూపురం వైపు ఆంధ్రలోకి వచ్చి, మళ్ళీ పావగడ తాలూకాలో కర్ణాటకలోకి పోయి, తిరిగి ఆంధ్రలోకి వస్తుంది. పుట్టింటి మీద మనసు చంపుకోలేని ఆడపిల్లలా ఒకసారి వెనక్కు తిరిగి చూసి పోతుంది.

ఈ గీత గీస్తున్న రోజుల్లోనే ఈ నేలంతా తిరిగిన తెలుగువాడు ఒకడున్నాడు. ఏలూరి వాడైన కావలి వెంకట బొర్రయ్య. కర్నల్ మెకంజీ 1799 తర్వాత మైసూరు రాజ్యాన్ని సర్వే చేసినప్పుడు వెంట ఉండి, హళగన్నడ శాసనాలు చదివి పెట్టినవాడు. 1803లో, ముప్పై యేళ్ళయినా నిండకుండా కన్నుమూశాడు. పరాయి లిపి అని అతడు రాయిని వదిలిపెట్టి ఉంటే దక్షిణదేశ చరిత్రలో కొన్ని పుటలు మనకు దక్కేవి కావు. అటు తర్వాత 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పదిహేను నెలలు తిరిగి, దారిలో చూసినదంతా వ్రాసి మనకు యాత్రాచరిత్ర ఇచ్చాడు. ఆయన కడప మీదుగానే పోయాడు, పెన్న దాటక తప్పని దారి అది.

లేపాక్షి గోడ దగ్గర నేనూ మా మనుమడూ కాసేపు బొర్రయ్యలమయ్యాము. వాడికి బళ్ళో నేర్చిన కన్నడం వచ్చు, తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. నాకు తెలుగు వచ్చు, కన్నడం బస్సుల మీది పేర్ల వరకే. శాసనంలో ఒక అక్షరం వాడు పట్టుకుంటే ఇంకొకటి నేను పట్టుకున్నాను. తెలుగు, కన్నడ లిపులు అప్పటికింకా పూర్తిగా వేరుపడలేదు. వాక్యం మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. "ఇది నీదా నాదా తాతయ్యా?" అన్నాడు వాడు. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు.

రెండో విడత ప్రయాణం దూరాభారమైనది. లేపాక్షికి ఉత్తరాన పెనుకొండ. 1565లో విజయనగరం పాడుపడ్డాక తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికి మార్చాడు. రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చినది ఈయనకే. అటుపైన తాడిపత్రి. అక్కడ పెన్న ఒడ్డునే బుగ్గ రామలింగేశ్వరుని గుడి, పూర్తికాని గోపురాల మీద కూడా చెయ్యి తిరిగిన శిల్పం. ఆపైన జమ్మలమడుగు దగ్గర గండికోట. ఎర్రటి కొండను నది నిలువునా కోసిన చోట పెమ్మసాని నాయకుల కోట. లోపల రంగనాథుని గుడి, మాధవరాయని గుడి, జుమ్మా మసీదు ఒకదాని కెదురుగా ఒకటన్నట్టు ఉన్నాయి. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే అంతదూరం నుంచి వచ్చి, ఈ కోటలో మీర్ జుమ్లాకు రత్నాలు చూపించాడు. పారిస్ నుంచి మనిషి వచ్చిన చోటికి బెంగుళూరి నుంచి మనం పోవడానికి తీరిక లేదంటే ఏం చెప్పాలి?

కడపలో, 1820లో ఉద్యోగిగా వచ్చి తెలుగు తాళపత్రాలను బతికించిన బ్రౌను దొర బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేర గ్రంథాలయం, పరిశోధన కేంద్రం ఉన్నాయి. అక్కడి నుంచి సిద్ధవటం, సోమశిల దాటి నెల్లూరు. మనుమసిద్ధి కొలువులో 13వ శతాబ్దిలో తిక్కన సోమయాజి ఉన్న ఊరు. ఊటుకూరు దగ్గర సముద్రం. మొత్తం 597 కిలోమీటర్లు.

నెల్లూరి వంతెన మీద కారు ఆపించి కిందికి చూశాను. చిన్నప్పుడు మాకు వరద వస్తే "పైన ఎక్కడో కురిసింది" అనుకునేవాళ్ళం. 2021 నవంబరులో పెన్న పొంగి కడప, నెల్లూరు జిల్లాలను ముంచినప్పుడు నేను బెంగుళూరులో టీవీ ముందు కూర్చుని మా వాళ్ళ కోసం తల్లడిల్లాను. ఆ నెల మా ఇంటి మీద, నంది మీద కూడా ఎడతెగని వాన. ఆ వానలో కొంతకు ఆ వరదలో వాటా ఉందన్న ఆలోచన అప్పుడు నాకు లేదు. ఇప్పుడుంది. ఇక నుంచి నెల్లూరు ఫోను చేస్తే ముందు ఇక్కడి వాన సంగతి చెబుతాను.

పాఠకులకు ఒక మనవి. బాలీ వద్దని నేననను, డాన్యూబు చూడగలిగిన వారు తప్పక చూడండి. దానికి ముందొక ఆదివారం నందికి పోయి, కొండ కింది గుడి చూసి, విదురాశ్వత్థంలో స్మారకం దగ్గర ఆగి, మధ్యాహ్నానికి లేపాక్షి చేరండి. వానలు వెనకబడ్డాక, కార్తికం నుంచి సంక్రాంతి లోపల అనుకూలం. రాత్రికి ఇల్లు చేరవచ్చు. కారులో కన్నడం చదవగలిగిన వారొకరు, తెలుగు చదవగలిగిన వారొకరు ఉండేట్టు చూసుకోండి. మన ఇళ్ళల్లో ఆ ఇద్దరూ తాతా మనుమలే అయి ఉంటారు.

తిరిగొచ్చాక మా మనుమడు తెలుగు అక్షరాలు నేర్పమన్నాడు. పది రోజులు శ్రద్ధగా దిద్దాడు. ఆ తర్వాత పరీక్షలొచ్చాయి, పలక మూలపడింది. "ణ" దాకా వచ్చాము. సెలవులియ్యగానే మళ్ళీ "త" నుంచి మొదలుపెట్టాలి.