ఖాతా అపహరణ మోసము: ఆన్‌లైన్ వర్తకులకును కొనుగోలుదారులకును రక్షణ

ఖాతా అపహరణ మోసమనగా, ఒకరి పేరనున్న బ్యాంకు ఖాతాలోనికో, విక్రయ ఖాతాలోనికో, ఈమెయిలు లేక వాట్సాపులోనికో, వారి రహస్య వివరములను సంపాదించిన పరుడు ప్రవేశించి, యజమానిని వెలుపలికి నెట్టి, ఆ యజమాని పేరనే ధనమును, సరకును, సమాచారమును హరించుట. కొత్త ఖాతా తెరచిన మోసగాడు ఇతరులను నమ్మించుటకు శ్రమపడవలెను. అపహృతమైన ఖాతాకు మాత్రము దాని యజమాని ఏండ్ల తరబడి గడించిన పరపతి తోడుగానుండుటచే, దానినుండి వచ్చిన సందేశమును ఎవరును శంకింపరు. కావున ఈ నేరమునందు నష్టపోవువారు ఇరువురు: ఖాతా కోల్పోయిన వర్తకుడును, అతనిని నమ్మి సొమ్ము పంపిన కొనుగోలుదారుడును.

వన్ టౌన్ వర్తకము, దాని నూతన స్వరూపము

విజయవాడ నగరమున ఇంద్రకీలాద్రికిని, కృష్ణానదికిని, రైల్వే స్టేషనుకును నడుమ విస్తరించిన వన్ టౌన్ చిరకాలముగా కృష్ణా డెల్టాకు టోకు వర్తక కేంద్రము. గుడివాడ, మచిలీపట్నం, తెనాలి, నూజివీడు మొదలగు ఊళ్ళ చిల్లర వర్తకులు కాళేశ్వరరావు మార్కెట్టుకును, వస్త్రలత బట్టల సముదాయమునకును వచ్చి, సరకు కంటితో చూచి, బేరమాడి, మూటలు కట్టించుకొని పోవుట పూర్వాచారము. నేడు కొత్త సరకు ఫోటోలు వాట్సాపు గ్రూపులలో వెలువడుటయు, ఆర్డరు ఫోనుపైననే వచ్చుటయు, 2016 ఏప్రిల్ 11న నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆవిష్కరించిన యూపీఐ ద్వారా సొమ్ము చేరుటయు, మూట ట్రాన్స్‌పోర్టు లారీలోనో ఆర్టీసీ కార్గోలోనో పోవుటయు సామాన్యమైనది. మంగళగిరి చీరలు, పెడన కలంకారీ, మచిలీపట్నం రోల్డ్‌గోల్డ్ నగలు, కొండపల్లి బొమ్మలు సైతము ఈ మార్గముననే దూరప్రాంతములకు చేరుచున్నవి.

ఇట్లు ఒక్క ఫోను నంబరే దుకాణమునకు చిరునామాయు, ఆర్డరు పుస్తకమును, వసూళ్ళకు ఆధారమును అయినది. ఆ నంబరుతో ముడివడిన వాట్సాపు ఖాతా పరుని వశమైనచో, అతడు దుకాణపు పాత కొనుగోలుదారులకు "బ్యాంకు మారినది, ఈ క్యూఆర్ కోడ్‌కు పంపుడు" అని ఒక్క సందేశము పంపిన చాలును. ఏటేట పండుగ సరకు అదే దుకాణమున కొనువారు మారుమాట లేక సొమ్ము పంపుదురు.

అపహరణ మార్గములు

మొదటి మార్గము పాస్‌వర్డుల పునర్వినియోగము. ఒక వెబ్‌సైటునుండి బయటపడిన ఈమెయిలు, పాస్‌వర్డు జంటలను నేరగాండ్రు యంత్రసాధనములచే అనేక ఇతర సైట్లలో ప్రయోగింతురు. ఒకే పాస్‌వర్డును అన్నిచోట్ల వాడినవారి ఖాతాలు ఒకదాని వెంట ఒకటి తెరచుకొనును. రెండవది ఫిషింగ్: బ్యాంకు పుటనో, విక్రయవేదిక పుటనో అచ్చుగ్రుద్దినట్లు పోలిన నకిలీ పుటను చూపి, వివరములను బాధితునిచేతనే వ్రాయించుట. మూడవది ఫోనుపై ఓటీపీని అడిగి తెలిసికొనుట, లేదా కొరియరు ఉద్యోగిననుచు "స్టార్ 401"తో మొదలగు సంఖ్యను నొక్కించి కాల్స్‌ను తనవైపునకు మళ్ళించుకొనుట. నాల్గవది సిమ్ మార్పిడి: నకిలీ గుర్తింపు పత్రములతో బాధితుని నంబరుకు మరియొక సిమ్ తీసికొని, ఓటీపీలను తానే అందుకొనుట. ఐదవది చలానా అనియో, పెండ్లి శుభలేఖ అనియో పేరు పెట్టి పంపు ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైలు. దానిని ఇన్‌స్టాల్ చేసి అనుమతులిచ్చిన ఫోనులోని ఎస్ఎంఎస్‌లను అది నేరగానికి చేరవేయును.

మహేష్ బ్యాంకు ఉదంతము

సంస్థలోని ఉద్యోగి ఖాతా అపహృతమైనచో కలుగు అనర్థమునకు తెలుగునాట ప్రబలమైన నిదర్శనము హైదరాబాదులోని ఏపీ మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు ఉదంతము. 2021 నవంబరులో ఆ బ్యాంకు ఉద్యోగులకు రెండువందలకు పైగా ఫిషింగ్ ఈమెయిళ్ళు వచ్చినవి. వానిని తెరచినవారు ఇద్దరే. ఆ ఇద్దరి కంప్యూటర్లలో చొరబడిన దూరనియంత్రణ సాధనము ద్వారా నేరగాండ్రు ఉన్నతాధికారములు గల ఖాతాలను వశపరచుకొని, 2022 జనవరిలో రూ. 12 కోట్లకు పైగా ధనమును దేశవ్యాప్తముగా వందకు మించిన ఖాతాలకు మళ్ళించిరి. తగిన ఫైర్‌వాల్ ఏర్పాట్లు లేకుండుటయు, సర్వాధికారములు గల ఖాతాలు అవసరమునకు మించి యుండుటయు దర్యాప్తులో వెల్లడియైనవి. 2023లో భారతీయ రిజర్వు బ్యాంకు ఆ సంస్థకు రూ. 65 లక్షల జరిమానా విధించెను. రెండువందల సందేశములలో రెండు ఫలించుటయే ఇంతటి నష్టమునకు చాలినది గావున, ఉద్యోగుల జాగ్రత్తయొక్కటే రక్షణమని నమ్మి కూర్చుండుట ఏ సంస్థకును తగదు.

వ్యాపారసంస్థ చేయవలసిన ఏర్పాట్లు

పాస్‌వర్డులను యథాతథముగా భద్రపరచరాదు. తిరిగి చదువుటకు వీలులేని హ్యాష్ రూపమున, ప్రతి ఖాతాకు వేర్వేరుగా యాదృచ్ఛిక అక్షరములను (సాల్ట్) చేర్చి నిలువచేయవలెను. ఇదివరకే బయటపడిన పాస్‌వర్డును ఎవరైన ఎన్నుకొన్నచో అంగీకరింపరాదు. ఒకే స్థానమునుండి క్షణక్షణము ప్రవేశయత్నములు జరుగుచున్నచో వానిని మందగింపజేసి, అపరిచితమైన ఫోనునుండి ప్రవేశించువారిని రెండవ నిర్ధారణ కోరవలెను. మన దేశమున ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు ఈ రెండవ నిర్ధారణ 2009 ఆగస్టు 1 నుండియే విధాయకమైనది. 2022 అక్టోబరు 1 నుండి వర్తకులు కార్డు సంఖ్యలను తమ వద్ద నిలుపుకొనరాదనియు, వానికి బదులు టోకెన్లు మాత్రమే ఉంచుకొనవలెననియు రిజర్వు బ్యాంకు ఆదేశించుటచే, వర్తకుని సైటు కొల్లగొట్టబడినను కార్డు సంఖ్యలు నేరగానికి చిక్కకుండు మార్గమేర్పడినది.

ఓటీపీని అడిగి తెలిసికొనవచ్చును. పాస్‌కీని అట్లు అడిగి తీసికొనుటకు వీలులేదు. పాస్‌కీయందు రహస్యము ఫోనులోనే యుండి, వ్రేలిముద్రచేతనో ముఖముచేతనో తెరువబడి, తాను ఏర్పడిన సైటుకు మాత్రమే సమాధానమిచ్చును; నకిలీ పుట ఎంత పోలికగా నున్నను దానికి పలుకదు. ఎస్ఎంఎస్ ఓటీపీ మాత్రమే కాక ఇతర నిర్ధారణ పద్ధతులకును తావిచ్చు నూతన నిబంధనలను రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ప్రకటించి, 2026 ఏప్రిల్ 1ని గడువుగా నిర్ణయించెను.

ప్రవేశద్వారముకంటె ఎక్కువ కావలి కావలసిన తావు మార్పుల తావు. అపహర్త ఖాతాలో ప్రవేశించిన వెంటనే చేయుపని ఫోను నంబరును, ఈమెయిలును, సొమ్ము జమయగు బ్యాంకు ఖాతాను మార్చుట. తాళము ఎంత గట్టిదైనను, చెవి పోయినదని వచ్చినవారికెల్ల మారుచెవి ఇచ్చు దుకాణమునకు భద్రత లేనట్లే, పాస్‌వర్డు మరచితినన్నవారికి సులభముగా లొంగు వ్యవస్థకును భద్రత లేదు. కావున నంబరు మారినపుడు పాత నంబరుకు, కొత్త నంబరుకు కూడ సమాచారము పంపవలెను; వసూలు ఖాతా మారినపుడు కొంత వ్యవధి గడచువరకు చెల్లింపులు నిలుపవలెను; పాస్‌వర్డు మారినపుడు ఇతర పరికరములలో తెరచియున్న ప్రవేశములన్నింటిని మూసివేయవలెను. సిమ్ మార్చిన పిమ్మట 24 గంటలపాటు ఎస్ఎంఎస్‌లను నిలుపవలెనను టెలికాం శాఖ ఆదేశమునకును, 2024 జులై 1 నుండి సిమ్ మార్చిన 7 దినములవరకు నంబరును వేరొక కంపెనీకి బదిలీ చేయరాదను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమమునకును మూలము ఈ వివేకమే.

చిన్న వర్తకులు, కొనుగోలుదారులు

వాట్సాపునందు రెండంచెల పిన్‌ను ఏర్పరచుకొనుట, ఆరంకెల నమోదు కోడ్‌ను ఎవరికిని చెప్పకుండుట ప్రథమ కర్తవ్యములు. దుకాణమున గుమాస్తాలందరికి ఒకే పాస్‌వర్డు ఇచ్చుటకు మారుగా, ఎవరి ప్రవేశము వారికి వేరుగా నుండవలెను. పని మానినవాని ప్రవేశమును ఆనాడే తొలగింపవలెను. సొమ్ము పంపవలసిన ఖాతా మారినదని సందేశము వచ్చినపుడు, కొనుగోలుదారుడు తన వద్ద పూర్వమునుండియున్న నంబరుకు ఫోను చేసి, పరిచితమైన కంఠము విని, అటుపిమ్మటనే పంపవలెను. తమకు తెలియక ఇతరులు తీసికొన్న సిమ్‌లను గుర్తించుటకై, తమ పేర ఎన్ని ఫోను కనెక్షన్లు కలవో తెలిసికొను సౌకర్యము 2021లో తొలుత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చందాదారులకే లభించి, 2023 మే నెలలో ప్రారంభమైన టెలికాం శాఖవారి సంచార్ సాథీ పోర్టలు ద్వారా దేశమంతటికిని విస్తరించినది.

చట్టము, పరిహారము

సమాచార సాంకేతిక చట్టము, 2000లోని 66సీ సెక్షను ఇతరుల పాస్‌వర్డును, డిజిటల్ గుర్తింపును మోసముతో వాడుటకును, 66డీ సెక్షను కంప్యూటరు సాధనములతో పరుని వేషమున వంచించుటకును మూడేండ్లవరకు కారాగారమును, లక్ష రూపాయలవరకు జరిమానాను విధించుచున్నవి. కేంద్రప్రభుత్వ సైబరు భద్రతా సంస్థయగు సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశముల ప్రకారము సంస్థలు నిర్దిష్ట సైబరు సంఘటనలను 6 గంటలలో తెలియజేయవలెను. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము, 2023 తగిన భద్రత కల్పింపని సంస్థకు రూ. 250 కోట్లవరకు జరిమానాను నిర్దేశించినది.

రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి ఉత్తర్వు ననుసరించి, తప్పు బ్యాంకుదిగాని ఖాతాదారునిదిగాని కానపుడు, సమాచారమందిన 3 పనిదినములలో ఫిర్యాదు చేసిన ఖాతాదారుడు నష్టమును భరింపనక్కరలేదు. 4 నుండి 7 పనిదినములలో చేసినచో అతని బాధ్యత పరిమితము. ఓటీపీని తానే చెప్పినచో, ఫిర్యాదుచేయువరకు జరిగిన నష్టము తనదే. మోసపోయినవారు జాతీయ సహాయ సంఖ్య 1930కి తత్‌క్షణమే ఫోను చేసినచో, సొమ్ము చేతులు మారకపూర్వమే నిలుపుటకు అవకాశముండును. విజయవాడ కమిషనరేటు పరిధిలో సైబరు క్రైము పోలీసు స్టేషను కలదు.

ఓటీపీ చెప్పవద్దని కొనుగోలుదారునికి హితవు చెప్పి ఊరకుండుట సంస్థలకు సులభము. కాని ఖాతాను నిర్మించి, దానివలన లాభము పొందువారిదే మొదటి బాధ్యత. ఒక్క అజాగ్రత్తకు జీవితార్జితము పోకుండునట్లు వ్యవస్థను నిర్మింపవలసినవారు వారే. వన్ టౌన్ వర్తక సంఘములు తమ సభ్యులకు ఈ ఏర్పాట్లను నేర్పి, ప్రతి దుకాణము గల్లాపెట్టె వద్ద 1930 సంఖ్యను పెద్ద అక్షరములతో వ్రాయించి, మోసపోయినవారు సిగ్గుపడక ఆ గడియలోనే ఫిర్యాదు చేయునట్లు ప్రోత్సహింపవలెను.