ఇంటి నెట్‌వర్క్‌లో అపరిచిత పరికరం: గుర్తింపు సంఖ్య చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇంటి వైఫై రౌటర్ చూపే జాబితాలో తెలియని పరికరం కనిపించినప్పుడు అది ఎవరిదో తేల్చడం ఎందుకు కష్టమో చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరికరాన్ని గుర్తించే 48 బిట్ల సంఖ్య సమాచారాన్ని చేరవేయడానికి పుట్టిందే గాని, వాడేవారెవరో నిరూపించడానికి కాదని, ఈ భేదాన్ని మరచినచోట నిర్దోషులు అనుమానానికి గురవుతారని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఈథర్‌నెట్, మ్యాక్ చిరునామా, వైఫై, రౌటర్, గోప్యత, గృహ నెట్‌వర్క్.

1. ఉపోద్ఘాతం:
నేటి ఇళ్లలో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ, కెమెరా, ప్రింటర్ అన్నీ ఒకే రౌటర్‌కు అనుసంధానమై ఉంటున్నాయి. రౌటర్ వాటన్నిటినీ ఒక జాబితాగా చూపుతుంది. ఇంట్లో ఎవరూ పోల్చుకోలేని పేరు అందులో కనిపిస్తే అనుమానం పక్కింటివారి మీదకో, అద్దెకున్నవారి మీదకో, పనికి వచ్చేవారి మీదకో పోతుంది. ఆ అనుమానానికి జాబితా ఎంతవరకు ఆధారం కాగలదు? ఈ ప్రశ్నకు సమాధానం ఆ జాబితాలోని సంఖ్యల చరిత్రలో ఉంది.

2. సంఖ్య పుట్టుక (1973–1982):
1973 మే 22న అమెరికాలోని జిరాక్స్ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ భావనను ఒక అంతర్గత పత్రంలో వివరించాడు. తొలి ప్రయోగాత్మక వ్యవస్థలో యంత్రం చిరునామా 8 బిట్లు మాత్రమే; అంటే 256 విలువలకు మించి అవకాశం లేదు. ఒకరికొకరు తెలిసిన పరిశోధకుల మధ్య అది చాలింది. 1980లో డెక్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు కలిసి ప్రకటించిన ప్రమాణం దానిని 48 బిట్లకు పెంచింది. ఈ ఎంపిక వెనుక ఉన్న తర్కాన్ని బొంబాయి ఐఐటీలో చదివిన యోగేన్ దలాల్, రాబర్ట్ ప్రింటిస్‌తో కలిసి 1981లో వెలువరించిన పత్రంలో వివరించాడు. ఏ రెండు యంత్రాలకూ ఒకే సంఖ్య ఉండరాదన్నది అందులోని మూలసూత్రం.

48 బిట్లతో 281 లక్షల కోట్లకు పైగా సంఖ్యలు సాధ్యం. వాటిలో మొదటి 24 బిట్లు తయారీదారును, తక్కిన 24 బిట్లు ఆ తయారీదారు చేసిన ఒక్కో యంత్రాన్ని సూచిస్తాయి. దీనినే మ్యాక్ చిరునామా అంటారు. 1982 నవంబరులో డేవిడ్ ప్లమ్మర్ ప్రతిపాదించిన ఏఆర్‌పీ పద్ధతి ఈ సంఖ్యను ఐపీ చిరునామాతో జతపరిచింది. “ఈ ఐపీ చిరునామా ఎవరిది?” అని నెట్‌వర్క్ అంతటికీ వినిపించేలా అడగడం, “నాది” అన్న యంత్రం మాటను నమ్మడం ఈ పద్ధతి సారాంశం. ఆ జవాబులోని నిజానిజాలను పరీక్షించే ఏర్పాటు అందులో లేదు. పరస్పర విశ్వాసం ఉన్న ప్రయోగశాల వాతావరణం ఈ విధంగా సాంకేతిక నియమంలోనే స్థిరపడిపోయింది.

3. ప్రయోగశాల నుండి గృహానికి:
యంత్రాలకు ఐపీ చిరునామాలను తనంతట తానే పంచే డీహెచ్‌సీపీ పద్ధతి 1993లో వచ్చింది. అనేక యంత్రాలు ఒకే బయటి చిరునామాను పంచుకునే నాట్ పద్ధతి 1994లో ప్రచురితమైంది. ఈ రెండింటి కలయికతో ఇల్లు ఒక చిన్న నెట్‌వర్క్ కాగలిగింది. ఎందరున్నా వీధి గుమ్మం ఒక్కటే అయిన ఉమ్మడి కుటుంబం వలె, లోపల ఎన్ని యంత్రాలున్నా బయటికి ఒకే చిరునామా కనిపించింది.

1997లో వైర్‌లెస్ ప్రమాణం వెలువడడంతో ఆ గుమ్మానికి గోడ లేకుండా పోయింది. రక్షణకై ఏర్పరచిన వెప్ పద్ధతిలోని లోపాన్ని 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ బయటపెట్టారు. తరువాత 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చాయి. అయితే సౌకర్యం కోసం చేర్చిన డబ్ల్యూపీఎస్ అనే 8 అంకెల పిన్ పద్ధతి మరో దొడ్డిదారి తెరిచింది. రౌటర్ ఆ పిన్‌ను రెండు భాగాలుగా పరీక్షిస్తుంది కాబట్టి 11,000 ప్రయత్నాలలోపే దానిని కనుక్కోవచ్చునని 2011 డిసెంబరులో స్టెఫాన్ ఫీబెక్ నిరూపించాడు.

4. నవీ ముంబయి ఉదంతం (2008):
చిరునామాను మనిషిగా భావించడంలోని ప్రమాదం భారతదేశంలో 2008లో స్పష్టమైంది. జులై 26న అహ్మదాబాద్ వరుస పేలుళ్లకు కొద్దిసేపటి ముందు మీడియా సంస్థలకు ఒక ఈమెయిల్ అందింది. దాని ఐపీ చిరునామా దర్యాప్తు అధికారులను నవీ ముంబయిలోని ఒక నివాసానికి చేర్చింది. అక్కడ నివసిస్తున్న విదేశీయుణ్ణి ప్రశ్నించారు, ఆయన కంప్యూటర్లను పరిశీలించారు. పాస్‌వర్డ్ రక్షణ లేని ఆయన వైఫైని బయటివారు వాడుకున్నారని చివరకు తేలింది. 2009లో కేంద్ర టెలికాం శాఖ వైఫై సురక్షిత వినియోగంపై ఇంటర్నెట్ సంస్థలకు ఆదేశాలు జారీ చేసింది.

ఈ ఉదంతంలో సాంకేతిక ఆధారం అబద్ధం చెప్పలేదు. మెయిల్ ఆ ఇంటి గుమ్మం నుండే వెళ్లింది. పంపినవారెవరో చెప్పే శక్తి మాత్రం ఆ ఆధారానికి లేదు.

5. సొంత పరికరమే అపరిచితమైన దశ:
మారని సంఖ్య వల్ల మరో సమస్య తలెత్తింది. వైఫై కోసం వెతికే ఫోన్ తన సంఖ్యను చుట్టుపక్కల ప్రకటిస్తూ పోతుంది కాబట్టి, దానిని మోస్తున్న మనిషి కదలికలను ఎవరైనా నమోదు చేయవచ్చు. దీనికి విరుగుడుగా 2014లో యాపిల్ ఐఓఎస్ 8 వెతుకులాట సమయంలో యాదృచ్ఛిక సంఖ్యలను వాడసాగింది. 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత సంఖ్యను ఇచ్చే పద్ధతిని సాధారణం చేశాయి. వీధిలో గోప్యతను కాపాడిన ఈ మార్పు ఇంట్లో అయోమయం కలిగించింది. కుటుంబసభ్యుల ఫోనే జాబితాలో కొత్త ముఖంతో కనిపించసాగింది.

తయారీదారు పేరు కూడా తికమకపెడుతుంది. జాబితా సాధారణంగా లోపలి వైఫై భాగం ఎవరిదో చెబుతుంది; పెట్టెపై ఉన్న బ్రాండ్‌ను కాదు. స్మార్ట్ బల్బు ‘ఎస్ప్రెసిఫ్’ అనే చైనా చిప్ సంస్థ పేరుతో, ల్యాప్‌టాప్ ‘హాన్ హై’ అనే తైవాన్ సంస్థ పేరుతో కనిపించవచ్చు.

దీనికి విపర్యయంగా, పరిచితమైన పరికరమే హాని చేసిన సందర్భమూ ఉంది. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ ఇళ్లలోని కెమెరాలను, రౌటర్లను ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే లోబరచుకొంది. అక్టోబరు 21న డిన్ సంస్థపై జరిగిన దాడిలో ఈ పరికరాల పాత్ర ఉంది. వాటి యజమానుల జాబితాలలో అవి తెలిసిన పేర్లే.

6. నిర్ధారణ మార్గాలు:
ఈ చరిత్రను బట్టి నిర్ధారణ క్రమం ఏర్పడుతుంది. మ్యాక్ చిరునామాలోని రెండవ గుర్తు 2, 6, ఎ, ఇ లలో ఒకటైతే అది చాలావరకు ఫోన్ వంటి పరికరం కల్పించుకున్న సంఖ్య. ఇంట్లోని పరికరాలను ఒక్కొక్కటిగా ఆపి, ఏ పేరు తొలగిపోతుందో చూడడం తరువాతి మెట్టు. అప్పటికీ తేలకపోతే డబ్ల్యూపీఎస్‌ను నిలిపివేసి, వైఫై పాస్‌వర్డ్‌తో పాటు రౌటర్ నిర్వహణ పాస్‌వర్డ్‌నూ మార్చి, తెలిసిన పరికరాలను మాత్రమే తిరిగి కలపాలి. సంఖ్యను మార్చుకోగల పరికరాన్ని ఆ సంఖ్య ఆధారంగా నిరోధించడం నిలవదు. అతిథులకు, కెమెరాల వంటి వస్తువులకు వేరే నెట్‌వర్క్ కేటాయించడం మేలు.

7. ముగింపు:
మ్యాక్ చిరునామా 1980లో ఉత్తరం చేర్చే చిరునామాగా పుట్టింది. కాలక్రమంలో దానిని వేలిముద్రగా చదవడం అలవాటైంది. 2014 తరువాత అది ఇష్టానుసారం మార్చుకునే మారుపేరు అయింది. అందువల్ల రౌటర్ జాబితా విచారణకు ఆరంభం కాగలదే తప్ప తీర్పు కాజాలదు. పాస్‌వర్డ్ మార్చడం వల్ల ఎవరినీ నిందించకుండానే ప్రవేశాన్ని నియంత్రించవచ్చు. జాబితాలోని పేరును పట్టుకొని పొరుగువారిని నిందించడం వల్ల నెట్‌వర్క్‌కు రక్షణ కలగదు, ఇరుగుపొరుగు సంబంధం మాత్రం చెడుతుంది.