జేసన్ ప్రాజెక్టు

జేసన్ ప్రాజెక్టు ఉపగ్రహ ప్రసారాలు, దూర నియంత్రిత యంత్రాల సాయంతో బడిపిల్లలను క్షేత్ర పరిశోధనల్లో భాగస్వాములను చేసేందుకు 1989లో అమెరికాలో మొదలైన విజ్ఞాన విద్యా కార్యక్రమం. దీని స్థాపకుడు సముద్ర శాస్త్రవేత్త రాబర్ట్ బల్లార్డ్. 1985లో ఆయన పాల్గొన్న ఫ్రెంచ్-అమెరికన్ బృందం ఉత్తర అట్లాంటిక్‌లో సుమారు 3,800 మీటర్ల లోతున టైటానిక్ శిథిలాలను కనుగొంది. అలాంటి యాత్రల్లో తామూ పాలుపంచుకోవడం ఎలాగని అడుగుతూ పిల్లలు వేల ఉత్తరాలు రాశారు. వాటికి జవాబుగా రూపుదిద్దుకున్న ఈ కార్యక్రమానికి గ్రీకు పురాణ నావికుడి పేరు పెట్టారు.

తొలి యాత్ర మధ్యధరా సముద్రంలో జరిగింది. జేసన్ అనే మానవరహిత జలాంతర్గత యంత్రం తీసిన దృశ్యాలు తీగ ద్వారా ఓడకూ, అక్కడి నుంచి ఉపగ్రహం మీదుగా అమెరికా, కెనడాల్లోని మ్యూజియం ప్రదర్శనశాలలకూ చేరాయి. విద్యార్థులు తెర మీద సముద్రగర్భాన్ని చూస్తూ, ఓడలోని శాస్త్రవేత్తలను అప్పటికప్పుడే ప్రశ్నలు అడిగేవారు. 1990లో ఒంటారియో సరస్సులో, 1813 నాటి తుపానులో మునిగిన హామిల్టన్, స్కర్జ్ ఓడలను పరిశీలించారు. తర్వాతి యాత్ర గలపాగస్ దీవులకు సాగింది.

చూడటంతో ఆపక, యంత్రాన్ని పిల్లల చేతికివ్వడం దీని అసలు ప్రత్యేకత. 1995లో హవాయిలోని కిలౌయియా అగ్నిపర్వతం వద్ద మార్సోఖోద్ అనే రష్యన్ రోవరును విద్యార్థులు దూరం నుంచే నడిపారు. కొందరు విద్యార్థులనూ ఉపాధ్యాయులనూ ఎంపిక చేసి, ‘ఆర్గోనాట్లు’ అనే పేరుతో యాత్రాస్థలానికే తీసుకెళ్లేవారు. 2005లో ఈ ప్రాజెక్టు నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ పరిధిలోకి వచ్చింది.